నాలుగువేల పెళ్ళిళ్ళ తర్వాత

తైపే, వాన్‌హువా, బియ్యం కొట్టు మేడమీద గది
మొదటి నెల, దీపాల పండుగ వెళ్ళిన మూడోనాడు

పెళ్ళామా,

నీకు కోపంగా ఉంటుందని తెలుసు. కొత్త సంవత్సరం ఆటలు ఇంకా నాలుగుండగానే సంచీ సర్దుకుని రైలెక్కిన మొగుణ్ణి ఏ ఇల్లాలు క్షమిస్తుంది? కానీ ఆ-థో, ఒక్కసారి ఆలోచించు. పన్నెండేళ్ళప్పుడు హోక్ పెదనాన్న మనల్ని నాటక కంపెనీలో చేర్చుకుంటూ నా భుజాలు చూసి "దీనికి మగవేషం" అన్నాడు. నీ మెడ చూసి "దీనికి ఆడవేషం" అన్నాడు. పదేళ్ళు చిన్న వేషాలు వేశాక, నాయకుడిగా నేనూ, నాయికగా నువ్వూ ఇరవైరెండేళ్ళు గుడి గుడికీ తిరిగాం. వేదిక మీద మనిద్దరికీ నాలుగువేలసార్లు పెళ్ళయింది. కిందికి దిగితే ఒక్కడూ నన్ను పెళ్ళాడతానని రాలేదు. నలభైనాలుగేళ్ళు వచ్చాయి. టీవీ వాళ్ళు పిలిస్తే ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు వెళ్ళను?

వేషం దొరికింది. సీరియల్లో అమ్మమ్మ! ఇంటికి పెద్దదిక్కు. కథంతా ఆవిడ చుట్టూనే తిరుగుతుంది.

ఒక్కటే చిక్కొచ్చింది. దర్శకుడు షావ్ గారు చాలా మర్యాదస్థుడు. మొదటిరోజు "అమ్మా, ఆ గుమ్మం నుంచి ఈ కుర్చీదాకా నడిచి రండి" అన్నారు. నడిచాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "గుర్రాన్ని ఎక్కడ కట్టేసి వచ్చారు?" అని అడిగారు. అందరూ నవ్వారు. కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు రెండూ రెండు ఊళ్ళకి పోయాయి. చెయ్యి దానంతటదే నడుం మీదికెళ్ళి కత్తి కోసం వెతికింది.

ఆడదాన్నై పుట్టి ఆడదానిలా నడవడం రాదంటే ఎవరికి చెప్పుకోను? నువ్వే నేర్పాలి. వచ్చే పదిహేను రోజులూ ఏ దేవుడి పుట్టినరోజుకి ఏ ఊళ్ళో ఉంటారో పంచాంగం చూస్తే తెలుస్తుంది కనుక ఈ ఉత్తరం సీలో ఊరి గుడికి రాస్తున్నాను.

నీ మొగుడు
లీ-ఖిమ్


సీలో, గుడి వెనక, దుస్తుల పెట్టెల మీద
రెండో నెల, మూడోనాడు

నడిరోడ్డున వదిలేసి పోయిన నాథా,

నీ ఉత్తరం చదువుతుంటే హోక్ పెదనాన్న "ఏం రాసింది?" అన్నాడు. "ఆడవాళ్ళ నడక నేర్పమంటోంది" అన్నాను. "పోయేముందు అడిగుంటే కాళ్ళు విరగ్గొట్టి నేర్పేవాణ్ణి" అన్నాడు. అంటే ఆశీర్వదించాడన్నమాట.

నువ్వు పోయిన మర్నాటి ఆట సంగతి విను. నాయకుడు లేడు. పెదనాన్నే రంగు పూసుకుని, నీ నీలం అంగరఖా తొడుక్కుని వచ్చాడు. అరవైమూడేళ్ళ నవయువకుడు! తోటలో నన్ను చూసి మైమరచిపోవాలి. "ఓ సుందరీ..." అని ఎత్తుకున్నాడు. పైపళ్ళ సెట్టు ఊడి విసనకర్రలో పడింది. ఆయన తొణకలేదు, బెణకలేదు. విసనకర్ర మూసేసి, "సుందరీ, నిన్ను చూసి నాకు మాట పడిపోయింది" అని నత్తిగా ముగించి లోపలికెళ్ళాడు. ముందువరసలో చుయీ అత్త లేచి నిలబడింది. పదిహేనేళ్ళుగా ప్రతి ఆటకీ నీకు పాలబొంత చేప గంజి మోసుకొచ్చే మనిషి. "మా అబ్బాయేడీ? ఈ ముసలాయన్ని ఎక్కణ్ణించి తెచ్చారు?" అని గంజిగిన్నె పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ పూట నేనా గంజి తాగొచ్చనుకున్నాను. అదీ పోయింది.

ఇక నడక. రెండు మోకాళ్ళ మధ్య కమలాపండు పెట్టుకుని గది చుట్టూ తిరుగు. పండు పడకూడదు, నలగకూడదు. ఇది పడుచుపిల్ల నడక, నీకు పునాది కోసం. అమ్మమ్మ నడక వేరు. అమ్మమ్మ ఎక్కడికీ ఊరికే నడవదు, సర్దుకుంటూ పోతుంది. గుమ్మం నుంచి కుర్చీదాకా వెళ్ళేలోపల చాప మడత సరిచేస్తుంది, బల్లమీద తడి తుడుస్తుంది, కిందపడ్డ అన్నం మెతుకు ఏరుతుంది. చేతికి పని చెప్పు, కాళ్ళు వాటంతటవే ముసలివైపోతాయి.

అన్నట్టు, పెదనాన్న ఆ-కీ అనే కొత్తమ్మాయిని నీ వేషానికి తెచ్చాడు. దానికి కొన్ని సందేహాలున్నాయట. ఆ నాలుగంగుళాల అడుగున్న బూట్లతో మెట్లు దిగేటప్పుడు పడకుండా ఉండడమెలా? ఆడవాళ్ళకేసి ఎలా చూడాలి? ఏదో పాపం, పిల్ల అడుగుతోంది కనుక రాస్తున్నాను. నాకేం అవసరం.

ఆ-థో


తైపే
రెండో నెల, ఇరవయ్యోనాడు

పెళ్ళామా,

గదంతా కమలాపండ్ల రసం. మొదటి డజను నలిగిపోయాయి. కింద బియ్యం కొట్టామె పైకొచ్చి, "మీరు ఒక్కరే ఇన్ని పళ్ళు తింటారా?" అంది. "తినను, నడుస్తాను" అన్నాను. అప్పట్నుంచి అద్దెకోసం కూడా పైకి రావడం లేదు, కిందనుంచే కేకేస్తోంది. కానీ నీ అమ్మమ్మ చిట్కా బంగారం! బల్ల తుడుచుకుంటూ వెళ్ళి కూర్చుంటే షావ్ గారు "ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నారు. "మా ఇంటావిడ దగ్గర" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

ఇక్కడి పద్ధతులు వేరు. మన పెదనాన్న మధ్యాహ్నం వక్క నములుతూ కథ చెప్పి "మిగతాది మీరే అల్లుకోండి" అంటాడు. వీళ్ళు ఏడవాల్సిన చోటు, దగ్గాల్సిన చోటు కూడా కాగితం మీద రాసిస్తారు. నేను ఆశ్చర్యపడితే "అమ్మా, మీ కనుబొమలు పక్క స్టూడియోలోకి వెళ్తున్నాయి, కాస్త వెనక్కి పిలవండి" అంటారు. మొదటిసారి "మళ్ళీ!" అనగానే జనం మళ్ళీ అడిగారనుకుని పొంగిపోయి వంగి దణ్ణం పెట్టాను. అన్నం తినే సీను తొమ్మిదిసార్లు తీశారు. తొమ్మిదిసార్లూ తిన్నాను. అమ్మమ్మ పాత్రకి మాటలు తక్కువ, బరువెక్కువ అని అందరూ అంటున్నారు. ఆ అన్నం తిన్నాక నిజంగానే బరువెక్కింది.

నీ కొత్తపిల్లకి చెప్పు. బూట్లతో మెట్లు దిగేటప్పుడు కిందికి చూడకూడదు. చూశావా, పడ్డావే. మడమ ముందు ఆనించి, అక్కడ మెట్టు ఉండి తీరాలని మొండిగా నమ్మాలి. మగవేషం అంటే మీసమో గొంతో కాదు. మగవాడు వీధిలో నడిచేటప్పుడు ఎదుటివాళ్ళు తప్పుకుంటారని నమ్ముతాడు. ఆ నమ్మకం మెడలోకి వస్తే చాలు. ఆడవాళ్ళని చూడ్డం మరీ తేలిక. ముందువరసలో ఒకామెని ఎంచుకుని ఆమె ఎడమచెవిని చూస్తూ పాడాలి. కళ్ళలోకి చూస్తే నీకు నవ్వొస్తుంది. చెవిని చూస్తే ఆమెకి గుండె దడ వస్తుంది.

పిల్లని మరీ గారం చేయకు. నా అంతది కాకూడదు.

లీ-ఖిమ్


బేగాంగ్, అమ్మవారి పుట్టినరోజు జాతర
మూడో నెల, ఇరవైనాలుగోనాడు

అక్కా,

నీ సీరియల్ మొదలైంది. గుడి ఆఫీసులో టీవీ ఉంది. కంపెనీ మొత్తం రంగు కూడా కడుక్కోకుండా దాని ముందు కూర్చున్నాం. చుయీ అత్త ఊరందరినీ లాక్కొచ్చింది. పెదనాన్న అయితే పెట్టెకి అగరొత్తి కూడా వెలిగించాడు.

చాలా బాగా పడుకున్నావు.

అంటే, నిజంగానే అంటున్నాను. మొదటిరోజు బల్ల తుడిచావు, కుర్చీలో కూర్చున్నావు, పక్షవాతం వచ్చింది. ఆ తర్వాత ఇప్పటికి పదకొండు రోజులు మంచంలోనే ఉన్నావు. దుప్పటి చాలా మంచిది, పువ్వులు స్పష్టంగా కనిపించాయి. ఆరోరోజుకి చుయీ అత్త ఉండబట్టలేక "ఎప్పుడు లేచి పాడుతుంది?" అని అడిగింది. "ఇంకాసేపట్లో" అన్నాను. ఎనిమిదోరోజుకి పెదనాన్న లేచి వెళ్ళి బయట వక్క ఉమ్మేసి వచ్చాడు.

అయితే నిన్న ఒకటి చూశాం. మనవరాలు వంటింట్లో కూనిరాగం తీస్తుంటే, దుప్పటి అంచున నీ చూపుడువేలు తాళం వేసింది. అది కాగితం మీద రాసింది కాదని నాకు తెలుసు. ఆఫీసులో వక్క నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. "ఆ వేలు నేను నేర్పిందే" అన్నాడు పెదనాన్న. ఆయన నేర్పలేదు. ఎవరూ నేర్పలేదు.

ఆ-కీ బాగానే నెట్టుకొస్తోంది. బూట్లు అలవాటయ్యాయి.

ఒంట్లో ఎలా ఉంది? ఇంకేమైనా చెప్పాలనుకుంటే చెప్పు.

ఆ-థో


తైపే
నాలుగో నెల, ఆరోనాడు

ఆ-థో,

చాలా బాగా పడుకున్నానా! సరే, విను.

మొదట్లో నాకు మాటలిచ్చారు. "మనవరాలా, అన్నం తిన్నావా?" అంతే. మన తైవానీలో కాదు, బళ్ళో నేర్పే సర్కారు భాషలో చెప్పాలి. మనకి పెదనాన్న నేర్పిన అక్షరాలే గాని బళ్ళో చదువెక్కడిది? మూడువారాలు బియ్యం కొట్టామె దగ్గర నేర్చుకుని చెప్పాను. స్టూడియో మొత్తం పగలబడి నవ్వింది. నేనన్నదాని అర్థం "మనవరాలా, నిన్ను తినేశానా?" అయిందట. నాలుగుసార్లు చెప్పాను, నాలుగుసార్లూ ఆ పిల్లని తిన్నాను. షావ్ గారు పక్కకి తీసుకెళ్ళి ఎంతో మర్యాదగా, "అమ్మా, అమ్మమ్మకి పక్షవాతం వస్తే ఎలా ఉంటుంది?" అని అడిగారు. మూడు జిల్లాల జనం వాన లెక్కచేయకుండా నిలబడి విన్న గొంతు నాది. అది రోజూ దుప్పటికింద పడుకుంటోంది. ఏ మొహంతో నీకు రాయను?

సిగ్గుతో నీకు దాచాను. ఒప్పుకుంటున్నాను. కానీ నువ్వో?

నిన్న చుయీ అత్త దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. "అబ్బాయ్, నువ్వేమీ బాధపడకు, నీ తమ్ముడు కూడా అచ్చం నీలాగే అందగాడు" అని రాసి ఫోటో పెట్టింది. నా నీలం అంగరఖా. నా బూట్లు. నా విసనకర్ర. లోపల ఉన్నది నువ్వు!

ఆ-కీ ఎవరే? ఆ-కీ ఎవరు? నేను కూర్చుని మడమ ఎలా ఆనించాలో, చెవి ఎలా చూడాలో నా విద్యంతా కాగితాలకెత్తి పంపితే, మొగుడి ఆస్తి మొత్తం పెళ్ళాం కాజేసిందా? ముందే చెప్పుంటే కాదనేదాన్నా? అనేదాన్నే అనుకో. అయినా చెప్పాల్సింది.

ఆ ఫోటోలో నీ కుడిభుజం పైకి లేచి ఉంది. దించుకో.

లీ-ఖిమ్


పూజీ, ఆట లేని పూట
నాలుగో నెల, పదిహేడోనాడు

లీ-ఖిమ్ అక్కకి,

భుజం దించుకున్నాను. ఇప్పుడు నా వంతు.

కాజేశానా? నువ్వు బూట్లు పెట్టెమీద పెట్టి, "వెళ్ళొస్తాను" అని నాలుగు అక్షరాలు రాసిపెట్టి పోయావు. పళ్ళు ఊడిన మర్నాడు పెదనాన్న నాయకుడు లేకుండానే ఆట మొదలుపెట్టించాడు. ఒక ఖాళీ పీట చూపించి, "నాథుడు దానిమీద కూర్చున్నాడనుకుని ఏడు" అన్నాడు. పీటని పట్టుకుని గంటసేపు ఏడ్చాను అక్కా. జనంలో ఎవడో "అమ్మా, ఆ పీట నీకు విడాకులిచ్చింది, లే" అని అరిచాడు. ఆ కోపంలో లోపలికెళ్ళి, నీ బూట్లు తొడుక్కుని వచ్చాను. మొగుడిగా వచ్చి అదే పీటమీద కూర్చుని, "నా భార్యని ఏడిపించింది ఎవరు?" అన్నాను. అంతకుముందు అలాంటి మాట నా నోట ఎప్పుడూ రాలేదు. జనం చప్పట్లు కొట్టారు. అరిచినవాడు కూడా కొట్టాడు.

నీకెందుకు చెప్పలేదంటే, నాకది నచ్చింది. ఇరవైరెండేళ్ళు మూడో అంకంలో ఏడ్చి, ఐదో అంకంలో నీ చేతుల్లో చచ్చాను. ఇప్పుడు తలెత్తుకుని నడుస్తున్నాను. చుయీ అత్త గంజి తెస్తోంది. చాలా బాగుంటుంది. ఇన్నేళ్ళలో ఒక్క చెంచా కూడా నాకు పెట్టలేదు నువ్వు.

ఇది వదిలెయ్. అసలు కష్టం వేరే వచ్చింది. ఆరోనెల పద్దెనిమిదిన బుదాయ్ రేవులో దొరగారని పిలిచే దేవుడి గుడి ఉత్సవానికి ఎదురుపందెం పెట్టారు. ఒక వైపు మన వేదిక, ఎదురుగా బంగారు సింహం కంపెనీ వాళ్ళ వేదిక. రెండూ ఒకేసారి ఆడాలి. జనం వీపు ఎటు తిప్పితే వాళ్ళు ఓడినట్టు. వాళ్ళకి రంగుబల్బులు, కరెంటు వాయిద్యాలు, పొట్టి గౌన్ల పిల్లలు. మనకి పెదనాన్న. గుడి పెద్ద కో గారు అప్పుడే అనేశాడు: "వచ్చే ఏడాదినుంచి దేవుడికి సినిమా వేద్దాం. ఒక మనిషి, ఒక మిషను. ఇరవైమందికి అన్నం వండక్కర్లేదు." ఈ ఒక్క గుడి పోతే చుట్టుపక్కల రేవులన్నీ అదే దారి. కంపెనీ మూసుకోవాల్సిందే.

నాయికగా పెదనాన్న తమ్ముడి కూతుర్ని నిలబెట్టాం. పిల్ల మంచిదే. ఏడుపురాగం ఎత్తుకుంటే మాత్రం తుమ్ముతుంది.

రమ్మని రాయడం లేదు. నీకు అక్కడ పనుంది. తెలియాలని రాశాను.

ఆ-థో


తైపే
ఐదో నెల, పడవ పందేల మర్నాడు

ఆ-థో,

గంజి సంగతి నిజమే. పదిహేనేళ్ళు గిన్నె అడుగుదాకా నాకేశాను. ఆకలేసేది. నీకూ ఆకలేస్తుందని తోచలేదు.

ఇక్కడో వింత జరిగింది. టీవీ ఆఫీసుకి ఉత్తరాల మూట వచ్చింది. అన్నీ నా వేలికి! "అమ్మమ్మ వేలు రేపు కదులుతుందా?" "మా అత్తగారు కూడా ఇలాగే ఉంది, ఆమె వేలు పట్టుకుని చూశాం, ఆవిడా నొక్కింది." ఆ ఒక్కటీ చదివి బాత్‌రూంలోకెళ్ళి కూర్చున్నాను. షావ్ గారు పిలిచి, "అమ్మమ్మకి మాట తిరిగొస్తుంది. మీ తైవానీలోనే మాట్లాడండి, ఎవరు వద్దంటారో నేను చూసుకుంటాను. ఇంకో మూడునెలలు ఉండాలి" అన్నారు. నా జీవితంలో ఇంత పెద్ద అవకాశం రాలేదు.

షూటింగ్ చీటీ చూశాను. ఆరోనెల పద్దెనిమిదిన కూడా ఉంది.

నేను రాలేను. నన్ను తిట్టుకో. ఆ పిల్లకి ఏడుపురాగానికి ముందు వేడి అల్లంనీళ్ళు తాగించు. ఎదురువేదిక ఎంత గోల చేసినా నువ్వు గొంతు పెంచకు, తగ్గించు. వినబడకపోతే జనం దగ్గరికి జరుగుతారు. జరిగారంటే వీపు అటు తిరిగినట్టే.

లీ-ఖిమ్


తైపే
ఆరో నెల, ఇరవయ్యోనాడు

ఆ-థో,

ఏమీ చెప్పకుండా వచ్చి ఏమీ చెప్పకుండా పోయానని తిడుతూ ఉంటావు. తెర పడగానే ఆఖరి బస్సు. మాట్లాడడానికి వ్యవధి లేదు. అందుకే జరిగిందంతా ఇప్పుడు చెబుతున్నాను.

ముందురోజు షావ్ గారి దగ్గరికెళ్ళాను. "అయ్యా, రేపు అమ్మమ్మ గోడవైపు తిరిగి నిద్రపోకూడదా?" అన్నాను.

"ఎందుకు?"

"మా ఆయనకి బుదాయ్‌లో పందెం ఉంది."

"మీకు పెళ్ళి కాలేదన్నారుగా?"

"నాలుగువేలసార్లయింది."

ఆయన షూటింగ్ చీటీ తెప్పించుకుని చూశారు. తర్వాత దుప్పటికింద ఒక పెద్ద దిండు పెట్టించారు. ఆ రోజు నా పాత్ర దిండు పోషించింది. చాలా సహజంగా చేసిందట.

బుదాయ్‌లో దిగేసరికి మూడో అంకం దగ్గరపడింది. రేవంతా బంగారు సింహం వాళ్ళ గోలే. జనం సగానికిపైగా అటే చూస్తున్నారు. మన వేదిక వెనక ఆ పిల్ల అల్లంనీళ్ళ గిన్నెలోకి తుమ్ముతోంది. పెదనాన్న నన్ను చూసి పలకరించలేదు, రమ్మనలేదు. నీ లంగా తీసి నా మొహాన కొట్టాడు.

"ఐదు నిమిషాలు. కథ తెలుసుగా?"

"తెలుసు. మొగుడి వైపునుంచి."

"అటునుంచి ఇటు రా మరి" అన్నాడు.

వచ్చాను. నీ మొహం చూడాల్సింది! బాకుతో పొడిచినా అలా మారేది కాదు. నా మొదటి అడుగుకే జనం నవ్వారు. ఏడుపురాగం ఎత్తుకుంటే నా గొంతులోంచి ఎద్దు పలికింది. ఇంకా నవ్వారు. ఆ నవ్వుకి ఎదురువేదిక జనం కూడా ఏమిటా అని తలలు తిప్పారు. పారిపోదామనుకున్నాను. అప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకుని నన్ను చూశావు.

ఆ-థో, ఇరవైరెండేళ్ళు నీ చెయ్యి పట్టుకుని నేను జనాన్ని చూశాను. నువ్వు నా చేతుల్లో చచ్చిపోతుంటే కూడా ముందువరసలో ఎవరు ఏడుస్తున్నారా అని చూశాను. నువ్వు ఎలా చచ్చిపోతావో నాకు తెలియనే తెలియదు. నువ్వు నన్ను చూశావు. పాడాల్సిన మాట మరిచిపోయాను. ఏదో పాడాను. ఎద్దుగొంతుతోనే పాడాను. ఎవరూ నవ్వకపోవడం కాసేపటికిగాని నాకు వినబడలేదు.

రంగు కడుక్కోకుండా బస్సెక్కాను. టిక్కెట్లిచ్చే అమ్మాయి కన్నీళ్ళ చారలు చూసి, "అమ్మా, మీ ఆయన కొట్టాడా?" అని అడిగింది. "లేదమ్మా, చూశాడు" అన్నాను.

ఎవరు గెలిచారు? త్వరగా రాయి. ఇక్కడ దిండుతో పోటీపడి నటించాలి నేను.

లీ-ఖిమ్


బుదాయ్ రేవు
ఆరో నెల, ఇరవైనాలుగోనాడు

అక్కా,

ముందుగా ఒకటి. నిన్ను అలా చూసింది ప్రేమతో కాదు. లంగా తొక్కుకుని బొక్కబోర్లా పడతావేమోనన్న భయంతో. కాసేపటికి భయం పోయింది. చూపు మాత్రం మరల్చలేకపోయాను.

నువ్వు పాడుతుండగా జనం ఒక్కొక్కరే ఇటు జరిగారు. ఆఖరికి పొట్టి గౌన్ల పిల్లలు కూడా వేదిక దిగి, మెట్లమీద కూర్చుని మన ఆట చూశారు. వాళ్ళ వాయిద్యాలవాడు ఒక్కడే మిగిలాడు, వాడికి ఎవరికోసం వాయించాలో తెలియలేదు. అయినా కో గారు పట్టు వదల్లేదు. "జనం సంగతి సరే, దేవుడి మాటేమిటి?" అని మర్నాడు పొద్దున గుళ్ళో దేవుడి జవాబు తెలిపే జోడు చెక్కలు వేశాడు. "దొరగారూ, వచ్చే ఏడు సినిమా వేయమంటారా?" రెండు చెక్కలూ వెల్లకిలా పడ్డాయి. దేవుడు ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. నవ్వాడన్నమాట. కో గారు మళ్ళీ వేశాడు, మళ్ళీ నవ్వు. మూడోసారీ నవ్వే. కో గారు తల గోక్కుంటుంటే పెదనాన్న స్తంభం పక్కనుంచి, "నిన్నటి మా నాయిక గొంతు గుర్తొచ్చి నవ్వుతున్నాడండీ! మళ్ళీ వినాలనుంది ఆయనకి!" అన్నాడు. గుడి నిండా జనం గొల్లున నవ్వారు. కో గారికీ నవ్వాగలేదు. ఇక సినిమా మాట ఎత్తలేకపోయాడు. వచ్చే ఏడు మనదే, మరో మూడు రేవులు కూడా మనవే.

ఇక నా మాట. పెదనాన్న కంపెనీ బోర్డు కొత్తగా రాయించాలంటున్నాడు. నాయకుడి పేరు దగ్గర ఆగాడు. "లీ-ఖిమ్‌ని అడుగు" అన్నాడు. ఆ చోటు నీది. నాకు తెలుసు. కానీ అక్కా, నిజం చెబుతాను. నాకు ఈ వేషం వదలాలని లేదు. రెండురోజులు ఈ మాట రాసి చింపాను. మూడోసారి చింపకుండా పంపుతున్నాను. నీకు కోపం వస్తే రానీ.

ఆ-థో


తైపే
ఎనిమిదో నెల, పున్నమి వెళ్ళిన ఐదోనాడు

ఆ-థో,

రెండు నెలలు జవాబు రాయలేదు. కోపమే. మొదటివారం నీమీద. రెండోవారం పెదనాన్నమీద. తర్వాత ఎవరిమీదో తెలియలేదు. అద్దం ముందు నిలబడి నాయకుడిలా విసనకర్ర విప్పాను. చెయ్యి బాగానే తిరిగింది. కానీ ఆ చేతికి కొత్తగా చెప్పేది ఏమీ లేదు ఆ-థో. ఇరవైరెండేళ్ళు చెప్పిందే చెబుతోంది. బుదాయ్‌లో ఆ ఎద్దుగొంతు మాత్రం ఇంకా ఏదో అనబోయి ఆగిపోయింది. అదేమిటో నాకు తెలుసుకోవాలనుంది.

అమ్మమ్మ మాట్లాడింది, చూసే ఉంటావు. నిన్నటితో సీరియల్ అయిపోయింది. ఆవిడ హాయిగా వీల్‌చైర్లో కూర్చుని, మనవరాలి పెళ్ళి చూసింది. షావ్ గారు కొత్త సంవత్సరం తర్వాత మరో వేషం ఇస్తామన్నారు, ఈసారి గయ్యాళి అత్తగారు. చేస్తానన్నాను. ఆలోపల నాలుగునెలలు ఖాళీ.

నాయకుడి చోట నీ పేరు రాయించు. పెద్ద అక్షరాలతో. దాని కింద నా పేరు రాయించు. నలభైనాలుగేళ్ళకి ఆడవేషం మొదట్నుంచి నేర్చుకోవాలి. నువ్వు విసుక్కుంటావు, నేను ఎదురుచెబుతాను, పెదనాన్న ఇద్దర్నీ తిడతాడు. ఎల్లుండి నాలుగిరవై రైలుకి జియాయిలో దిగుతాను.

ఇప్పుడే పెట్టె సర్దుకుంటుంటే షావ్ గారు స్టూడియో జీతం కవరు ఇవ్వడానికి స్వయంగా వచ్చారు. గుమ్మంలో నా సామాను చూసి, "ఎక్కడికమ్మా ఇంత హడావిడి?" అని అడిగారు.

"కాపురానికండీ" అన్నాను.

నీ పెళ్ళాం
లీ-ఖిమ్